వడ్డించేవాడు మనవాడు కాడు

సిడ్నీలో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా, పెర్త్‌లో ఉన్నా, ఇప్పుడు మీ చేతికందే దూరంలో ఒక ఫోన్ ఉండే ఉంటుంది. అందులో ఫేస్‌బుక్ తెరిచినా, యూట్యూబ్ తెరిచినా, ఇన్‌స్టాగ్రామ్ తెరిచినా, మన కంటికి ఏది ముందు కనపడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈవేళ ఈ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. ఈ దేశంలో ఆ ప్రశ్నకు జవాబు చాలా స్పష్టంగా దొరికిన రోజు ఒకటుంది. అది 2021 ఫిబ్రవరి 18. ఆ పొద్దున ఆస్ట్రేలియాలో ఫేస్‌బుక్ తెరిచినవాళ్లకు వార్తలు కనపడలేదు. పత్రికల పేజీలు ఖాళీ. ప్రసార సంస్థ ఏబీసీ పేజీ ఖాళీ. వార్తలతో సంబంధం లేని వాతావరణ శాఖ పేజీ, క్వీన్స్‌లాండ్ ఆరోగ్య శాఖ పేజీ కూడా ఖాళీ. కోవిడ్ టీకాలు మొదలవబోతున్న సమయం అది. వార్తలు వాడుకుంటున్నందుకు పత్రికలకు డబ్బు చెల్లించాలన్న చట్టం మీద ఆ కంపెనీకీ ప్రభుత్వానికీ తగవు వచ్చింది. కంపెనీ వార్తలు ఆపేసింది. కొద్ది రోజులకు ఒప్పందం కుదిరింది, సుమారు వారం తర్వాత పేజీలు తిరిగొచ్చాయి. ఆ తగవులో ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. మనకు కావలసింది ఒక్కటే. నా పేజీ, నా ఫీడ్ అని మనం అనుకుంటున్నది మనది కాదు. ఏది చూపించాలి, ఏది ఆపాలి అన్న నిర్ణయం వేరేచోట జరుగుతోంది. వార్తలు మొత్తంగా మాయమయ్యాయి కాబట్టి ఆ రోజు అందరికీ తెలిసింది. మిగతా రోజుల్లో కూడా అదే నిర్ణయం జరుగుతూనే ఉంది. మనం వేలితో తెరను పైకి తోసిన ప్రతిసారీ జరుగుతోంది. చప్పుడు లేకుండా జరుగుతోంది కాబట్టి మనకు తెలియడం లేదు.

మన పెళ్లిళ్లలో బంతి భోజనాలు మీకు తెలిసినవే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని పెద్దలు అంటారు. ఫోన్లో ఫీడ్ కూడా ఒక వడ్డనే. ఇక్కడ వడ్డించేవాడి పేరు అల్గారిథమ్, అంటే మనకు ఏది ముందు చూపాలో లెక్కగట్టే ప్రోగ్రామ్. అతను ‘మీకేం కావాలండీ’ అని అడగడు. మన విస్తరి వైపు చూస్తుంటాడు, అంతే. లడ్డూ ముందు అయిపోయిందా? ఇంకో లడ్డూ వేస్తాడు. మీకు షుగర్ ఉందేమో అతనికి అనవసరం. పప్పు కోసం ఎదురుచూస్తున్నారేమో, అదీ అనవసరం. మనం బంతిలోంచి లేవకుండా ఉండడమే అతనికి కావాలి. ఎందుకంటే ఈ విందుకు ఖర్చు పెట్టేది మనం కాదు, ప్రకటనలు ఇచ్చేవాళ్లు. మనం ఎంతసేపు కూర్చుంటే అన్ని ప్రకటనలు చూస్తాం. ఇది ఎవరో చాటుగా పన్నిన కుట్ర కాదు, ఆ వ్యాపారం నడిచే పద్ధతే అది. వడ్డించేవాడికి మన మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. అతను మనవాడు కాడు. ఈ సంగతి గుర్తుంటే చాలు, మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంతకీ అతను ఏం చూస్తాడు? మనం లైక్ కొట్టినవి మాత్రమే చూస్తాడనుకుంటాం. అంతకంటే చాలా చూస్తాడు. ఏ వీడియో దగ్గర ఆగాం, ఎన్ని సెకన్లు ఆగాం, చివరిదాకా చూశామా, మధ్యలో దాటేశామా, ఎవరికి పంపాం, కింద ఏం రాశాం, ఇదంతా లెక్కకు వస్తుంది. ఆగితే ఓటు వేసినట్టే. ఇష్టపడి ఆగినా ఓటే, భయపడి ఆగినా ఓటే, అసహ్యంతో ఆగినా ఓటే. ఇది నా ఊహ కాదు. యూట్యూబ్ 2012లో తన లెక్క మార్చుకుంది. అంతకుముందు ఎంతమంది నొక్కారన్నది ముఖ్యంగా ఉండేది, ఆ తర్వాత ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. 2018 జనవరిలో ఆ సంస్థ పెద్ద అధికారి నీల్ మోహన్ ఒక మాట చెప్పారు. యూట్యూబ్‌లో జనం గడిపే సమయంలో 70 శాతానికి పైగా ఆ సంస్థ సిఫారసు చేసిన వీడియోల మీదే పోతోందని. ఒక్కసారి ఆలోచించండి. పది నిమిషాలు చూస్తే అందులో ఏడు నిమిషాలు మనం అడగనివి. ఫేస్‌బుక్ సంగతీ అంతే. 2017లో అక్కడ కోపం గుర్తుకు, నవ్వు గుర్తుకు, ఏడుపు గుర్తుకు మామూలు లైక్ కంటే అయిదు రెట్లు విలువ ఇచ్చారు. కోపం గుర్తు ఎక్కువగా పడే పోస్టుల్లో అబద్ధాలు, విషపు మాటలు ఎక్కువగా ఉన్నాయని ఆ కంపెనీ సొంత పరిశోధకులే 2019లో తేల్చారు. తర్వాత ఆ విలువను తగ్గిస్తూ వచ్చి, 2020లో కోపం గుర్తుకు సున్నా చేశారు. మార్చారు, మంచిదే. కానీ అన్నాళ్లూ ఆ లెక్క నడిచింది. నడుస్తోందన్న సంగతి ఆ కోపం గుర్తు నొక్కినవాళ్లకు తెలియదు. ఆ కంపెనీ లోపలి కాగితాలు 2021లో బయటపడ్డాకే లోకానికి తెలిసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నాకు నచ్చినవే కదా చూపిస్తోంది, అందులో తప్పేముంది అని. న్యాయమైన ప్రశ్నే. పాత తెలుగు పాటలంటే ఇష్టమున్నవాళ్లకు మరిన్ని పాత పాటలు దొరుకుతాయి. ఆవకాయ పెట్టడం నేర్చుకోవాలనుకున్న అమ్మాయికి మాగాయ కూడా దొరుకుతుంది. ఆ మేలును కాదనలేం. అయితే నచ్చడం వేరు, ఆగడం వేరు. దారిలో కారు ప్రమాదం జరిగితే అందరం తలతిప్పి చూస్తాం. ప్రమాదాలంటే మనకు ఇష్టమని కాదు కదా! కానీ ఫీడ్ లెక్కలో ఆ చూపు కూడా ఇష్టమే. ఓ ఉదాహరణ చెబుతాను. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న ఒక అబ్బాయి ఉన్నాడనుకోండి. చదువు అయిపోవచ్చింది. వీసా ఏమవుతుందోనని దిగులు. ఒక రాత్రి ‘వీసా రూల్స్ మారిపోయాయి, భారతీయ విద్యార్థులకు షాక్’ అన్న వీడియో కనపడుతుంది. ఆగుతాడు. ఆగకుండా ఎలా ఉంటాడు? అది అతని బతుకు. మర్నాడు అలాంటివే నాలుగు. వారం తిరిగేసరికి తెర నిండా షాకులే. దేశం తనను తరిమేయడానికి సిద్ధంగా ఉందన్న నమ్మకం అతనిలో కుదురుకుంటుంది. నిజంగా ఏం మారిందో చెప్పే చోటు ఒకటుంది. అది హోమ్ అఫైర్స్ శాఖ వెబ్‌సైట్. అక్కడ ఎర్ర అక్షరాలు, బాణం గుర్తులు ఉండవు. అందుకని అది ఫీడ్‌లోకి దానంతటది నడిచి రాదు. వెళ్లి వెతుక్కోవాలి. వెతుక్కోవడం అన్న ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఒక్క మనిషి దిగులుతో ఇది ఆగదు. 2024 ఏప్రిల్ 13న సిడ్నీలో, బాండై జంక్షన్ షాపింగ్ సెంటర్‌లో ఒకడు కత్తితో దాడి చేశాడు. ఆరుగురు ప్రాణాలు పోయాయి. దాడి చేసినవాడు పోలీసు తూటాకు చనిపోయాడు. వాడెవడో పోలీసులు ఇంకా చెప్పలేదు. అందరికీ తెలుసుకోవాలని ఆత్రం. ఆ రాత్రే ఏ సంబంధమూ లేని ఒక యూనివర్సిటీ విద్యార్థి పేరు ఎక్స్‌లో హంతకుడి పేరుగా తిరిగింది. ఒక టీవీ ఛానెల్ కూడా ఆ పేరే చెప్పి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. ఆ పేరును పంచినవాళ్లందరూ చెడ్డవాళ్లా? కానక్కర్లేదు. నిజం ఇంకా బయటికి రాని ఆ కొన్ని గంటల్లో, ఏది జనాన్ని ఆపితే అది పైకి వస్తుంది. నిజానికి సమయం పడుతుంది, వదంతికి పట్టదు. ఇక మన గుండెకు ఇంకా దగ్గరైన సంగతి. 2025 ఆగస్టు 31న ఈ దేశంలోని పెద్ద నగరాల్లో ‘మార్చ్ ఫర్ ఆస్ట్రేలియా’ పేరుతో వలసలకు వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగాయి. ప్రచారానికి వాడిన కరపత్రంలో భారతీయుల పేరు ప్రత్యేకంగా ఎత్తి రాశారు. అలాంటిది చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. మండాలి కూడా. పన్నులు కడుతూ, ఆసుపత్రుల్లో పనిచేస్తూ, పిల్లల్ని ఇక్కడి బడుల్లో చదివిస్తూ బతుకుతున్నవాళ్లం మనం. మన మీద అలా రాస్తే బాధ కలగదా? కానీ ఆ మంటలో మనం చేసే మొదటి పని చూడండి. ‘ఎలా రాశారో చూడండి’ అంటూ ఆ కరపత్రాన్నే పంచుతాం. దాని కింద తిట్టు రాస్తాం. ఆగితే ఓటు వేసినట్టే అని చెప్పుకున్నాం. తిట్టడానికి ఆగినా ఓటే. మన కోపం ఆ కరపత్రాన్ని మరో పదిమంది దాకా మోసుకెళ్తుంది. అలాంటప్పుడు ఆ పోస్టును రిపోర్ట్ చేయండి, దాటిపోండి. మన మాట గట్టిగా చెప్పాలంటే మన సొంత పోస్టులో, మన సొంత మాటల్లో చెబుదాం. మౌనంగా ఉండమని నేను అనడం లేదు. వాళ్ల కాగితాన్ని మనం మోయవద్దంటున్నాను.

చదువుకున్న శ్రోతలు ఇంకో ప్రశ్న అడగవచ్చు. అల్గారిథమ్ మనసులను మార్చేస్తుందని నిజంగా రుజువైందా అని. దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. 2020 అమెరికా ఎన్నికలప్పుడు కొందరు పరిశోధకులు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవాళ్లలో వేలమందికి మూడు నెలలు ఫీడ్ మార్చి చూశారు. అల్గారిథమ్ పేర్చిన వరసను తీసేసి, ఏది కొత్తగా వస్తే అది ముందు కనపడేలా పెట్టారు. ఆ ఫలితాలు 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. రాజకీయ అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. పైగా నమ్మదగని చోట్లనుంచి వచ్చే పోస్టులు కాస్త పెరిగాయి కూడా. కాబట్టి అల్గారిథమ్ మన మెదడు కడిగేస్తుందని ఎవరైనా అంటే, అది అతిశయోక్తి. నేను ఆ మాట అనడం లేదు. అదే పరిశోధనలో ఇంకొకటి తేలింది. వరస మారగానే జనం ఆ యాప్‌లలో గడిపే సమయం బాగా తగ్గింది. అది నాకు ముఖ్యం. అల్గారిథమ్ మన నమ్మకాలను కొల్లగొట్టిందో లేదో తెలియడానికి ఇంకా ఏళ్లు పట్టవచ్చు. మన సాయంత్రాలను తీసుకుపోతోందన్నది మాత్రం కంటికి కనపడుతోంది. ఇంకో పరిశోధన కూడా ఉంది. 2018లో అమెరికాలోనే కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ మూయించారు. వాళ్లకు రోజుకు సగటున గంట మిగిలింది. మనసు కొంచెం తేలికపడింది. అయితే రాజకీయ వార్తల మీద వాళ్లకున్న అవగాహన కూడా కొంత తగ్గింది. అంటే పూర్తిగా మూసేస్తే నష్టమూ ఉంది. అందుకే మూసేయమని నేను చెప్పడం లేదు.

మరి ప్రభుత్వం చట్టం తెచ్చిందిగా, ఇక మనకెందుకు అనే మాట కూడా వినపడుతోంది. తెచ్చింది, నిజమే. 2024 నవంబరు చివర్లో పార్లమెంటు ఆమోదించిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. పదహారేళ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్, ఎక్స్ లాంటి చోట్ల ఖాతాలు ఉండకుండా కంపెనీలే చూడాలి. చూడకపోతే 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాకా జరిమానా. శిక్ష కంపెనీకే, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ కాదు. నేను ఈ చట్టాన్ని స్వాగతిస్తాను. బరువును మోయాల్సినవాళ్ల భుజాల మీద పెట్టింది కాబట్టి. కానీ అది ఏం చేయదో కూడా తెలుసుకోవాలి. ఖాతా లేకుండా చూడగలిగే వీడియోలు చాలా ఉన్నాయి. పదహారు నిండిన మర్నాడు అదే వడ్డన, అదే వడ్డించేవాడు. అమ్మ ఫోన్, నాన్న ఫోన్ జోలికి ఆ చట్టం రాదు. సోషల్ మీడియా మీద వేసిన పార్లమెంటు సంయుక్త కమిటీ 2024 నవంబరులో మరో మంచి సిఫారసు చేసింది. వాడేవాళ్లు తమ అల్గారిథమ్‌ను మార్చుకోవడానికి, మొదటికి తెచ్చుకోవడానికి, పూర్తిగా ఆపుకోవడానికి వీలుండాలని. వయసు చట్టానికి దొరికినంత ప్రచారం దీనికి దొరకలేదు. నా లెక్కలో ఇది దానికంటే చిన్నదేమీ కాదు. వయసు చట్టం పిల్లల కోసం. ఇది మనందరి కోసం.

ఇప్పుడు మనం చేయగలిగిన పని దగ్గరికి వద్దాం. ఒక్కటే చెబుతాను. వచ్చింది చూడకండి, వెతుక్కుని చూడండి. మళ్లీ చెబుతున్నాను. వచ్చింది చూడకండి, వెతుక్కుని చూడండి. అంటే విస్తరిలో పడింది తినడం మాని, కావలసింది అడిగి వడ్డించుకోవడం. యాప్ తెరిచే ముందే ఎందుకు తెరుస్తున్నామో మనసులో ఒక మాట అనుకోండి. గుత్తివంకాయ కూర ఎలా చేయాలో చూడాలి. చెల్లెలు పెట్టిన సీమంతం ఫొటోలు చూడాలి. తెలుగు సంఘం ఉగాది కార్యక్రమం ఎప్పుడో చూడాలి. సెర్చ్ పెట్టెలో ఆ పేరు కొట్టండి. చూడండి. బయటికి రండి. ఎందుకు తెరిచామో మాట దొరకకపోతే తెరవక్కర్లేదు. ఇంత చిన్న పనా అనిపించవచ్చు. దీన్ని తేలిక చేసే సదుపాయాలు ఆ యాప్‌లలోనే ఉన్నాయి. యూట్యూబ్ సెట్టింగుల్లో మీ పాత వాచ్ హిస్టరీ తుడిచేయండి. కొత్త హిస్టరీ రాయకుండా ఆపేయండి. అప్పుడు హోమ్ పేజీలో సిఫారసులు రావు. 2023 ఆగస్టు నుంచి ఈ పద్ధతి ఉంది. సెర్చ్ పెట్టె ఉంటుంది. మీరు సబ్‌స్క్రైబ్ చేసిన ఛానెళ్లు ఉంటాయి. ఒక వీడియో తర్వాత ఇంకొకటి దానంతటదే మొదలవకుండా ఆటోప్లే కూడా ఆపేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోయింగ్ అన్నది ఎంచుకుంటే మీరు కావాలని అనుసరిస్తున్నవాళ్లే కనపడతారు. ఫేస్‌బుక్‌లో ఫీడ్స్ అన్న చోటికి వెళ్లి ఫ్రెండ్స్ ఎంచుకోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్లాక ఇల్లు నిశ్శబ్దం. బయటికి వెళ్దామంటే కారు లేదు. భాష కొత్త. వాళ్లకు తోడు ఫోనే. పొద్దున ఒక భక్తి పాటతో మొదలవుతుంది. మధ్యాహ్నానికి షుగర్‌ను వారంలో మాయం చేసే కషాయం వస్తుంది. అది నమ్మి మాత్ర మానేస్తే ప్రమాదం ఎవరికి? ఫోన్ లాక్కోవడం మర్యాద కాదు, మంచీ కాదు. వాళ్ల పక్కన అరగంట కూర్చోండి. ఏ పాటలు, ఏ ప్రవచనాలు, ఏ వార్తలు కావాలో వాళ్లనే అడగండి. యూట్యూబ్‌లో ఆ ఛానెళ్లు సబ్‌స్క్రైబ్ చేసి పెట్టండి. హిస్టరీ ఆపేయండి. తెలుగులో మాట్లాడితే ఆ మాటను సెర్చ్ పెట్టెలో రాసుకునే మైకు గుర్తు ఎక్కడుందో చూపించండి. వాళ్లకు టైపింగ్ రాకపోయినా నోటితో అడగడం వచ్చు.

ఇలా కట్టుదిట్టం చేసుకుంటే ఊరి కబుర్లు తెలియవేమో, ఒంటరివాళ్లమైపోతామేమో అన్న భయం దూరదేశంలో ఉన్నవాళ్లకు సహజం. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలు దాటారు. అయిదేళ్ల ముందు ఆ సంఖ్య 34 వేలే. ఇంత త్వరగా పెరిగిన సమాజానికి ఒకరినొకరు వెతుక్కోవడానికి ఈ యాప్‌లు నిజంగా పనికొచ్చాయి. అద్దె ఇల్లు, తెలుగు బడి, పూజారిగారి నంబరు, అన్నీ అక్కడే దొరికాయి. అయితే గమనించండి, ఇవన్నీ మనం వెళ్లి అడిగితే దొరికినవే. ఫీడ్ తెచ్చి పెట్టినవి కావు. వెతుక్కునే పద్ధతిలో పోయేది కొంత కాలక్షేపం, అప్పుడప్పుడు తగిలే ఒక మంచి ఆశ్చర్యం. ఆ నష్టం ఉంది, ఒప్పుకుంటాను. దానికి బదులుగా దొరికే సాయంత్రం ఎక్కువ విలువైనదని నా నమ్మకం.

ఒక్క చిక్కు మాత్రం మన చేతుల్లో లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మనం ఫాలోయింగ్ ఎంచుకున్నా, యాప్ మూసి తెరిస్తే మళ్లీ పాత వడ్డనే మొదలవుతుంది. ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం పెద్ద కంపెనీలన్నీ మన అలవాట్లను బట్టి పేర్చని ఫీడ్‌ను కూడా ఇచ్చి తీరాలి. 2025 అక్టోబరులో నెదర్లాండ్స్ కోర్టు ఒకటి ఆ చట్టం ఆధారంగానే ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటా కంపెనీకి ఆదేశం ఇచ్చింది, జనం ఎంచుకున్నది యాప్ మూసి తెరిచినా మారకుండా ఉండాలని. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? ఈ దేశంలో ఓటున్న శ్రోతలు తమ పార్లమెంటు సభ్యుడికి ఒక ఈమెయిల్ రాయండి. పౌరసత్వం ఇంకా రానివాళ్లు కూడా రాయవచ్చు, నియోజకవర్గంలో ఉండేవాళ్లందరికీ ఆయనే సభ్యుడు. 2024 నవంబరు నాటి ఆ కమిటీ సిఫారసు పేరెత్తండి. అల్గారిథమ్‌ను ఆపుకునే వీలు చట్టంలో ఉండాలని, మనం ఒకసారి ఆపితే మనం మళ్లీ తెరిచేదాకా అది ఆగే ఉండాలని రాయండి. రెండు వాక్యాలు చాలు.